ఎండు బోరు చీర

సరసమ్మను మెచ్చుకోవాలంటే ఆచితూచి మెచ్చుకోవాలి. "నీది ధర్మగుణం తల్లీ" అని ఎవరైనా నోరు జారారో, ఇక ఆ పూటకు వాళ్ళ పని అయిపోయినట్టే. "ధర్మం చేసేదానికి నేనేమన్నా సత్రం పెట్టుకోనుండానా? బోరు లారీ పెట్టుకోనుండా. యాపారం చేస్తా ఉండా" అని నలుగురిలో పట్టుకుని దులిపేస్తుంది. ధర్మపురి నుంచి సేలం పోయే రోడ్డు పక్కన, పంచర్ కొట్ల వెనకాల ఆమె షెడ్డు. ఒక బోరు లారీ, దాని వెంట పైపులూ డీజిలూ మోసుకుపోయే ఇంకో పాత లారీ, ఎక్కడో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ఆ షెడ్డులోనే వండుకు తినే కూలీలు, మొగుడు మారెప్ప. ఇదీ ఆమె సామ్రాజ్యం.

మారెప్పకు మిషనుతో తప్ప మనుషులతో మాట్లాడటం చేతకాదు. ఎంత లోతుకు పోతే ఏ రంగు రాయి వస్తుందో చెప్పగలడు గానీ, ఎదుటివాడు బేరమాడితే నేల చూపులు చూస్తాడు. అందుకని ఊళ్ళు తిరగడం, ధర కుదర్చడం, డబ్బు రాబట్టడం, తగాదా వస్తే చెంగు బిగించి ముందుకు రావడం అన్నీ సరసమ్మవే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరం ఆమెకు రాదు. తమిళంలో మాత్రం చదవడం, రాయడం, తిట్టడం మూడూ బాగా వచ్చు.

మా వైపు బోరు వేయడమంటే ఉత్త నేలకు బెజ్జం పెట్టడం కాదు, ఇంటి ఆడమనిషి నొసటి రాత తేల్చడం. నీళ్ళు చూసేవాడు వచ్చి చోటు చూపించిపోతాడు. ఆ చోట ఇంటి ఇల్లాలు పసుపు నీళ్ళు చల్లి, కర్పూరం వెలిగించి, తన చేత్తో కొబ్బరికాయ కొట్టాలి. ఆ తర్వాతే మిషను కిందికి దిగుతుంది. నీళ్ళు పైకెగిశాయా, ఆ ఇల్లాలిని పట్టుకొచ్చి ఆ బురదనీళ్ళలోనే తడుపుతారు. "నీ చెయ్యి పచ్చని చెయ్యమ్మా" అంటారు. తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ రాలేదా, అప్పుడు చూడాలి తమాషా. చోటు చూపించినవాడిని ఎవరూ ఏమీ అనరు. కిందున్న రాయిని ఎవరూ ఏమీ అనరు. ఊరంతా కలిసి ఆ కొబ్బరికాయ కొట్టిన చేతి వైపు చూస్తారు. "ఎండు చెయ్యి" అని ఒక పేరు పడిపోతుంది. ఇక జన్మకు పోదు.

ఆ పేరుతో ఏడేళ్ళు బతికిన మనిషి సరసమ్మ. పాలక్కోడు పక్కన అత్తగారి ఊళ్ళో, పెళ్ళైన కొత్తల్లో, మామ వేయించిన బోరుకు ఆమే కొబ్బరికాయ కొట్టింది. పొడి తప్ప చుక్క రాలేదు. ఆ మర్నాటి నుంచి అత్త ఆమెను విత్తనాల బుట్ట ముట్టుకోనివ్వలేదు. ఈనిన ఆవు దగ్గరకు పోనివ్వలేదు. ఊళ్ళో శుభకార్యం అయితే, "నువ్వు ఇంట్లో ఉండుమ్మా, కోళ్ళకు ఎవరుండారు" అనేవాళ్ళు. ఆ రోజు బోరు వేసినవాడు డబ్బు లెక్కపెట్టుకుని, చొక్కా దులుపుకుని, తల తిప్పి కూడా చూడకుండా లారీ ఎక్కి పోయాడు. సరసమ్మకు అత్త మీద కన్నా వాడి మీదే కడుపు మండింది. వాడు ఒక్క మాట అని ఉంటే చాలు కదా! "రాయి తగిలిందయ్యా, ఆయమ్మది ఏం తప్పు" అని ఒక్క మాట. వాడి సొమ్మేమన్నా పోయేదా?

తర్వాత మారెప్ప బోరు లారీల్లో కూలీగా చేరి, డ్రిల్లరై, అప్పు చేసి సొంత లారీ కొనేటప్పుడు సరసమ్మ ఒకే ఒక్క షరతు పెట్టింది. లారీ క్యాబిన్‌లో ఎప్పుడూ కొత్త చీరలు ఉండాలి. బోరు ఎండిపోతే, పైపులు పైకి లాగకముందే, జనం చెదరకముందే, ఆమె ఒక చీర తీసి, మీద పసుపూ కుంకుమా ఆకూవక్కా పెట్టి, ఆ ఇంటి ఇల్లాలిని నడిమధ్యకు పిలిచి చేతుల్లో పెడుతుంది. "రాయి పడింది. దీని చేతిది తప్పు కాదు. ఇది మా బోరు మర్యాద" అని ఊరికంతా వినబడేలా అరుస్తుంది. చీర కూడా ఆషామాషీది కాదు, పెళ్ళికి కట్టుకుపోదగ్గది. నీళ్ళు పడితే మాత్రం ఏమీ ఇవ్వదు. "వాళ్ళకు నీళ్ళొచ్చినాయి గదా, ఇంకేం గావాల" అంటుంది.

ఇందులో యాపారం లేదని అనుకోకండి. ఎండిపోయిన ఇంట్లో రెండో బోరు మాట ఎప్పటికైనా వస్తుంది. అప్పుడు మగవాళ్ళు పది లారీల పేర్లు చెబుతారు. లోపల్నుంచి ఇల్లాలు ఒకే పేరు చెబుతుంది. మారండహళ్ళి నుంచి తీర్థమలై దాకా సరసమ్మకు పని తెచ్చిపెట్టింది ఆ లోపలి గొంతులే. అది ఆమెకు బాగా తెలుసు, ఎవరి దగ్గరా దాచలేదు కూడా.

రెండువేల మూడులో కరువు వచ్చిందే, అప్పుడు ఈ కథ మొదలైంది. ఎక్కడ మిషను దించినా పొడే. ఆ ఏడాది క్యాబిన్‌లో చీరలు పెట్టినవి పెట్టినట్టే ఖాళీ అయ్యేవి. బట్టల కొట్టువాడు సరసమ్మను చూస్తే లేచి నిలబడేవాడు. మారెప్ప ఒకసారి గొణిగాడు కూడా: "ఈ సంవత్సరం రవికగుడ్డతో సరిపెడితే ఏమ్మే?" సరసమ్మ గుడ్లురిమి చూసింది. "నన్ను ఏడేండ్లు తిట్టింది మీయమ్మ. రవికగుడ్డంత మాత్రమే తిట్టిందా?" అంది. మారెప్ప మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఆ లెక్కలన్నీ ఆడిటర్ మణివణ్ణన్ చూసేవాడు. ధర్మపురి బస్టాండు దగ్గర మేడ మీద ఆఫీసు. మంచివాడే గానీ భయస్థుడు. చీరల బిల్లులన్నీ పోగేసి, ‘కస్టమర్లకు కానుకలు’ అని పేరు పెట్టి, ఖర్చు కింద చూపించి, ఆదాయంలోంచి తీసేశాడు. అంతవరకూ బాగానే ఉంది. ఒక ఏడాదిన్నర తర్వాత పన్ను ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఈ కానుకలేమిటి, ఎవరికి ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, వచ్చి చెప్పండి అని.

మణివణ్ణన్ ఆ కాగితాన్ని మడిచి జేబులో దాచేశాడు. సరసమ్మను పిలిపించి, గొంతు తగ్గించి సలహా చెప్పాడు. "అక్కా, ఇంత మొత్తం కానుకలంటే వాళ్ళ కళ్ళల్లో పడుతుంది. ఈసారికి ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందాం. వచ్చే ఏడు నుంచి డీజిల్లో కలిపేద్దాం. ఎన్ని లీటర్లు తాగిందని లారీని ఎవడూ అడగడు."

"ఏందిరా తమ్ముడూ, నేను పెట్టిన చీరను డీజిల్ అని రాస్తావా?" అంది సరసమ్మ. "నేను దొంగతనంగా ఇచ్చినానా? ఊరు మొత్తం చూస్తా ఉంటే ఇచ్చినాను. ఇచ్చింది ఇచ్చినట్టే రాయి. చీర అని రాయి, ఎండు బోరు చీర అని రాయి."

"అట్లా రాస్తే ఒప్పుకోరక్కా."

"ఒప్పుకోకపోతే నేను మాట్లాడతా. నువ్వు నా పక్కన కూచో, చాలు."

పన్ను ఆఫీసర్ పేరు బాలసుందరం. తెల్ల చొక్కా, చక్కగా దువ్విన తల, మాట నెమ్మది. కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు. తిట్టేవాడైతే సరసమ్మకు తేలికగా ఉండేది. మర్యాదగా మాట్లాడేవాడితో ఎలా తగాదా పడాలో ఆమెకు తెలియదు. మాటలన్నీ తమిళంలోనే సాగాయి.

"వ్యాపారం కోసమే పెట్టిన ఖర్చు అయితే ఆదాయంలోంచి తీసేస్తామమ్మా. సొంత ఖర్చు అయితే తీయం. ఇంతే చట్టం. కంపెనీలు దీపావళికి మిఠాయి డబ్బాలిస్తాయి, కొత్త సంవత్సరానికి డైరీలిస్తాయి. ఎవరికి ఇస్తాయి? లాభం తెచ్చిపెట్టేవాళ్ళకు. మీరు నీళ్ళు పడిన ఇళ్ళలో ఎవరికైనా చీర ఇచ్చారా?"

"లేదు సార్."

"పడనివాళ్ళకు?"

"అందరికీ ఇచ్చినాను."

"మరి మీ నోటితోనే చెప్పారు కదా! నష్టపోయినవాళ్ళను చూసి జాలిపడి ఇచ్చారు. పుణ్యకార్యం, కాదనను. కానీ పుణ్యం మీ సొంతం, దానికి ప్రభుత్వం పన్ను తగ్గించదు." ఒక కాగితం తీసి ఆమె ముందుకు జరిపాడు. "ఇందులో సంతకం పెట్టండి. పన్నూ వడ్డీ కట్టేయండి. జరిమానా లేకుండా ఇక్కడితో ముగించేస్తాను."

మణివణ్ణన్ అప్పటికే పెన్ను మూత తీసి ఆమె చేతికి అందిస్తున్నాడు. సరసమ్మ కాగితం చదివింది. ఆ చీరలకూ వ్యాపారానికీ ఏ సంబంధమూ లేదని, బీదలకు దానంగా ఇచ్చానని ఉంది. ‘దానం’ అన్న మాట దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

మారండహళ్ళి అక్కమ్మ గుర్తొచ్చింది. అయిదెకరాల ఇంటి కోడలు. కరువేడాది బోరు ఎండిపోయి, సరసమ్మ చీర పట్టుకుని పిలిస్తే, అక్కమ్మ రెండడుగులు వెనక్కి వేసి, "మాకు భిక్షం అవసరం లేదు" అంది. కళ్ళల్లో నీళ్ళు, గొంతులో పౌరుషం. అప్పుడు సరసమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "ఇది భిక్షం కాదమ్మా, నా తోడు. మా బోరు కణక్కులో, లెక్కల పుస్తకంలో రాసే ఖర్చు ఇది. నీకు రావలసిందే నీకిస్తా ఉండా" అని ఒట్టేసింది. ఆ ఒట్టు విన్నాకే అక్కమ్మ చీర అందుకుంది. ఇప్పుడు ఈ కాగితం మీద సంతకం పెడితే ఆ ఒట్టు ఏమైనట్టు? అక్కమ్మ ఒక్కతేనా? చీర తీసుకున్న ప్రతి ఇల్లాలినీ ఒక్క సంతకంతో ముష్టిదాన్ని చేసినట్టే.

"నేను పెట్టను సార్" అంది సరసమ్మ.

"మొత్తం పెద్దది కాదమ్మా. జరిమానా పడితేనే పెద్దదవుతుంది."

"జరిమానా వెయ్యండి. పన్ను కట్టమంటే లారీ అమ్మైనా కడతా. దానం అని మాత్రం రాయను. దానం చేసే గుణం నాకు లేదు సార్, మా ఊళ్ళో ఎవరినైనా అడగండి."

బాలసుందరానికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "సరే. వ్యాపారం కోసమే అంటున్నారు కాబట్టి రుజువు తెండి. చీర తీసుకున్నవాళ్ళ చేత రాయించుకు రండి, ఎందుకు ఇచ్చారో, వాళ్ళు మళ్ళీ మిమ్మల్ని పిలిచారో లేదో. గడువు ఇస్తాను" అన్నాడు.

ఇదేం పెద్ద పని అనుకుంది సరసమ్మ. కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగింది. తిరిగాక గానీ తెలియలేదు, లోకంలో బోరు ఎండడం కన్నా ఘోరమైన సంగతి ఒకటుందని. అది పన్ను ఆఫీసు పేరు ఎత్తడం. "ఇన్‌కమ్ టాక్సా!" అనేసరికి మగవాళ్ళ మొహాల్లో నెత్తురు చుక్క ఉండేది కాదు. కారిమంగళంలో ఒకాయన సంతలోంచి సంతలోకే మాయమైపోయాడు. తీర్థమలై దారిలో ఒకాయన, "మా పొలంలో నువ్వు బోరే వెయ్యలేదు" అన్నాడు. ఆ బోరు మీద కప్పిన బండరాయి మీదే కూర్చుని ఉన్నాడు పాపం. ఎవరిని అడిగినా అంతే. చీరా? ఏ చీర? మా ఇంట్లో ఆడవాళ్ళు చీరలే కట్టరు అన్నట్టు మాట్లాడారు.

చివరికి మారండహళ్ళి పోయింది. అక్కమ్మ మొగుడు లక్ష్మణ టమాటా బుట్టలు సర్దుతున్నాడు. దానం కాగితం సంగతీ, గడువు తేదీ అన్నీ విని నీళ్ళు నమిలాడు.

"అక్కా, నీ మీద నాకు గౌరవం ఉండాది. అయితే నేను కాగితం ఇయ్యలేను. ఇయ్యాల చీర అడుగుతారు, రేపు పొలం అడుగుతారు, ఎల్లుండి బ్యాంకులో నగ పెట్టినావే, ఎక్కడిది అంటారు. మాకెందుకు వచ్చిన తలనొప్పి?"

"నువ్వేమీ తప్పు చెయ్యలేదు కదప్పా. తీసుకునింది తీసుకున్నామని చెప్పేదానికి ఏం?"

"అది ఒకటేనా అక్కా? చీర వచ్చిందని రాసిస్తే బోరు ఎండిందని రాసిచ్చినట్టే. దీని చెయ్యి సంగతి ఇప్పుడిప్పుడే జనం మరిచిపోతా ఉండారు. మళ్ళీ సర్కారు ఆఫీసులో రాసిపెట్టాల్నా?"

ఆ మాట సరసమ్మకు చురుక్కున తగిలింది. కోపంతో ఊగిపోయింది. "లక్ష్మణా, దాని చెయ్యి మంచిదని చెప్పేదానికే కదరా ఆ చీర ఇచ్చింది! ఊరంతా మరిచిపోవాలని నువ్వు దాస్తా ఉంటే, ఎట్లరా మరిచిపోతారు?" అంది. లక్ష్మణ బుట్టల్లోకి తల దూర్చాడు. అక్కమ్మ లోపలి గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది. సరసమ్మ ఆమె వైపు చూసి, మొగుడి ముందు ఆమెను ఇరుకున పెట్టడం ఇష్టం లేక, బస్సెక్కేసింది. దారంతా ఆ ఊళ్ళనూ ఆ మగాళ్ళనూ, వాళ్ళకు బోరు వేసిన తన లారీనీ తిడుతూనే వచ్చింది. షెడ్డుకు వచ్చి మారెప్ప ముందు కూలబడి ఏడ్చింది. ఆమె ఏడవగా మారెప్ప అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"సంతకం పెట్టేయరాదా సరసా" అన్నాడు మెల్లిగా.

"పెట్టను. సచ్చినా పెట్టను" అంది, ముక్కు చీదుకుంటూ.

గడువు రోజు ఉత్తచేతులతోనే పోయింది. మణివణ్ణన్ మెట్ల మీదే దండం పెట్టాడు, "అక్కా, నా మాట విను" అని. వినలేదు.

బాలసుందరం రాతలేమీ లేవని చూసి తల ఊపాడు. "ఒక్కరు కూడా ఇవ్వలేదా? చూడండమ్మా, మీ కస్టమర్లే మీ మాట నిలబెట్టడం లేదు. సరే, ఒకటి అడుగుతాను, మనసులో ఉన్నది చెప్పండి. ఈ ఖర్చు నేను ఒప్పుకోలేదనుకోండి. రేపటి నుంచి చీరలు ఇవ్వడం మానేస్తారా?"

మణివణ్ణన్ బల్ల కింద ఆమె కాలు తొక్కాడు. మానను అంటే దానమని ఒప్పుకున్నట్టు, మానేస్తాను అంటే అవసరం లేని ఖర్చని ఒప్పుకున్నట్టు. ఎటు చెప్పినా ఇరుక్కుంటుందని అతని భయం.

"సార్, డీజిల్ ఖర్చు కూడా ఒప్పుకోనని మీరు రాశారనుకోండి. నేను లారీకి డీజిల్ పోసేది మానేస్తానా?" అంది సరసమ్మ. "పోయకపోతే లారీ కదలదు. ఆ చీర ఇయ్యకపోతే రేపు ఏ ఇంటి ఆడది నా బోరుకు కొబ్బరికాయ కొట్టేదానికి వస్తుంది? మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆ రెండూ నేను పొయ్యాల్సిందే, ఇయ్యాల్సిందే."

బాలసుందరం కుర్చీలో వెనక్కి వాలాడు. తలుపు దగ్గర ప్యూనుకూ ఎవరికో వాదన జరుగుతోంది. "నన్నెవరూ పిలవకుండానే వచ్చినాను, అయితే ఏం, నన్ను పోనీ" అని ఆడగొంతు. ప్యూను చెయ్యి తోసేసుకుని అక్కమ్మ లోపలికి వచ్చింది. చంకలో చేతిసంచి, మొహమంతా చెమట. వెనకాల లక్ష్మణ లేడు.

"మారండహళ్ళి నుంచి వచ్చినా సార్. ఈయమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు మా ఆయన కాగితం ఇయ్యనని చెప్పినాడు. ఇయ్యనని చెప్పింది ఆయన, నేను కాదు. బోరు మాదే. ఎండిపోయింది. కొబ్బరికాయ కొట్టింది నేనే." ఒక్క ఊపిరిలో చెప్పి, చేతులు రెండూ ముందుకు చాపింది. "ఈ చేతుల్తోనే."

"కూర్చోండమ్మా. నిదానంగా చెప్పండి."

"కూర్చోను సార్. మళ్ళీ బస్సు పట్టుకోవాల. ఈయమ్మ దానం ఇచ్చిందని రాస్తారంట. దానమైతే నేను ముట్టేదాన్నే కాదు. మాకు అయిదెకరాలుండాది, నలుగురికి కూలి ఇస్తాము. ఆ పొద్దు మా అత్త, మా ఆడబిడ్డ, మా ఊరు మొత్తం నన్ను మింగేసేట్టు చూస్తా ఉంటే ఈయమ్మ నా చేతుల్లో చీర పెట్టి, రాయిది తప్పు అని అరిచింది. బోరు వేసినాయమ్మే చెప్పినాక ఇంకెవరు మాట్లాడతారు? సగం మంది నోళ్ళు ఆ పొద్దే మూసుకున్నాయి. ఆ మాట చెప్పే బాధ్యత బోరు వేసినవాళ్ళది కాదా సార్? మళ్ళీ సంవత్సరం మా ఇంట్లో బోరు మాట వస్తే, ఈయమ్మ లారీ వస్తేనే నేను కొబ్బరికాయ కొడతానని చెప్పినాను. వచ్చింది. నీళ్ళు పడినాయి. ఇదంతా రాసుకోండి, నేను సంతకం పెడతాను."

బాలసుందరం కాగితం తీసి అంతా రాసుకున్నాడు. రాసింది చదివి వినిపించాడు. "అత్త పేరు రాయలేదు, రాయండి" అంది అక్కమ్మ. రాశాడు. సంతకం పెట్టి, సరసమ్మ భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, బస్సుకు వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు తీర్పు కాగితం వచ్చింది. మణివణ్ణన్ దాన్ని చదివి నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చున్నాడు. అక్కమ్మ చీర ఒక్కటి వ్యాపార ఖర్చుగా ఒప్పుకున్నారు. మిగతావాటికి రుజువు లేదు కాబట్టి కొట్టేశారు. జరిమానా లేదు. ‘దానం’ అన్న మాట ఎక్కడా లేదు. ‘రుజువు లేని ఖర్చు’ అని ఉంది, అంతే. ఇకమీదట చీర ఇచ్చిన చోటే రసీదు తీసుకోవాలని, ఎందుకిచ్చారో అందులో ఉండాలని, ఇంటివాళ్ళూ ఒక సాక్షీ సంతకం పెట్టాలని కింద రాశారు.

"ఇన్ని చీరల్లో ఒక్కటి అక్కా!" అన్నాడు మణివణ్ణన్.

"ఒక్కటి ఒప్పుకున్నాడంటే మిగతావీ అవే కదరా. ఒకే కొట్లో కొన్న చీరలు" అంది సరసమ్మ. పన్ను కట్టేసింది. లారీ అమ్మలేదు గానీ చేతి గాజులు కొన్నాళ్ళు బ్యాంకులో ఉన్నాయి.

అయితే ఆ రసీదు మాట ఆమెకు మింగుడు పడలేదు. "చీర చేతిలో పెట్టి, ఇదిగో ఇక్కడ వేలు ముద్ర వెయ్యి అంటే, అది మర్యాద ఎట్ల అవుతుంది? రేషన్ అంగడా నాది?" అని రెండు మూడు రోజులు షెడ్డులో కనబడినవాళ్ళందరి మీదా ఎగిరింది. నాలుగో రోజు అన్నం తింటున్నది తింటున్నట్టే చెయ్యి ఆపి, మారెప్ప వైపు చూసి, పెద్దగా నవ్వింది. చెయ్యి కడుక్కుని నేరుగా అచ్చాఫీసుకు పోయింది. ఏం అచ్చు వేయించిందో మణివణ్ణన్‌కు కూడా చెప్పలేదు.

ఆ తర్వాత మొదటి ఎండు బోరు కారిమంగళం అవతల సిద్ధరాజ్ పొలంలో పడింది. ఏడువందల అడుగులకు కూడా పొడే. కొబ్బరికాయ కొట్టింది సిద్ధరాజ్ పెళ్ళాం అముద, ఇంకా నెత్తిన పూలు వాడని కొత్త కోడలు. మిషను ఆగగానే అత్త మునియమ్మాళ్ కొంగు నోట్లో పెట్టుకుని మొదలుపెట్టింది. "ఏ వేళలో గడప తొక్కిందో గానీ..." అముద తల వంచుకుని కాలి వేలితో రాతిపొడిని గీకుతోంది. సరసమ్మ చీర తీసుకుని వచ్చింది, పిల్లను మధ్యకు పిలిచింది, ఎప్పటిలాగే అరిచింది. తర్వాత జాకెట్లోంచి మడత కాగితాలు తీసింది.

"ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళ ఉత్తర్వు. చీర ఇస్తే రసీదు కావాలంట. ఇంటివాళ్ళు సంతకం పెట్టాలి, సాక్షి సంతకం పెట్టాలి."

ఇన్‌కమ్ టాక్స్ అనేసరికి సిద్ధరాజ్ మొహం పాలిపోయింది. "పెట్టకపోతే?" అన్నాడు.

"నాకేం తెలుసు నాయనా. నన్నయితే ఆఫీసుకు పిలిపించినారు, ఊరూరూ తిప్పినారు, గాజులు బ్యాంకులో పెట్టించినారు. నిన్నేం చేస్తారో నేనెట్లా చెప్పేది? ముందు చదివించుకో. గట్టిగా చదవాలి, అందరికీ వినబడాలి."

సిద్ధరాజ్ గట్టిగా చదివాడు. "మా పొలంలో బోరు వేశారు. నీళ్ళు పడలేదు. దానికి కారణం కిందున్న రాయి. పూజ చేసి కొబ్బరికాయ కొట్టిన మా ఇంటి ఆడమనిషి చెయ్యి కారణం కాదని ఇంటిల్లిపాదీ ఒప్పుకుంటున్నాం. ఇకమీదట అలాంటి మాట అనమని కూడా ఒప్పుకుంటున్నాం. ఆ సంగతి తెలియజేస్తూ బోరు వారు వ్యాపార మర్యాదగా ఇచ్చిన చీర అందుకున్నాం."

పొలం గట్టు మీద చేరిన జనం గుసగుసలు ఆపేశారు. మునియమ్మాళ్ నోట్లోంచి కొంగు జారింది. "ఇదేం కాగితం? ఇందులో నేనెందుకు?" అంది.

"ఎందుకిచ్చినానో కాగితంలో ఉండాలని ఆఫీసర్ రాసినాడమ్మా, నేను కాదు. ఎందుకిచ్చినానో అదే రాయించినాను. సాక్షి నువ్వే. ఇంటికి పెద్దదానివి గదా."

"అమ్మా, వెయ్యమ్మా, ఆఫీసు వ్యవహారం" అని సిద్ధరాజ్ బతిమాలాడు. పళ్ళు కొరుకుతూనే మునియమ్మాళ్ బొటనవేలు చాచింది. సరసమ్మ ఆ వేలిని సిరా డబ్బాలో ముంచి, తన చేత్తో గట్టిగా అదిమి ముద్ర వేయించింది. తర్వాత సిద్ధరాజ్ పెట్టాడు. చివర అముద పెన్ను తీసుకుని, తన పేరంతా అక్షరం అక్షరం రాసింది. పదో తరగతి దాకా చదివిన పిల్ల.

"రెండు కాగితాలుండాయి. ఒకటి ఆఫీసుకు, ఒకటి నీకు" అని సరసమ్మ రెండోది ఆ పిల్ల చేతిలో పెట్టింది. అముద దాన్ని చీర మీద పెట్టుకుని, మళ్ళీ మొదటి నుంచి చదువుకుంది. తల ఎత్తి, అత్త వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించకుండానే అడిగింది.

"అక్కా, దీన్ని ఇంట్లో గోడకు తగిలించుకోవచ్చా?"

"ఫ్రేము కట్టించుకో" అంది సరసమ్మ. "బిల్లు నాకు పంపించు. అది కూడా నా కణక్కులోనే రాస్తా. కొట్టేసేవాళ్ళు వచ్చి కొట్టేసుకోనీ."